కోనసీమలో అమ్మమ్మగారి ఊరు

పిల్లలూ! పరీక్షలు అయిపోయాయి. పుస్తకాల సంచీ అటక ఎక్కింది. ఇక ఇంట్లో వినిపించే ప్రశ్న ఒకటే: "అమ్మమ్మగారి ఊరు ఎప్పుడు వెళతాం?"

ఈ నెల మనమంతా అలాంటి ప్రయాణం ఒకటి చేద్దాం. మీ ఇల్లు హైదరాబాదులో ఉన్నదనీ, మీ అమ్మమ్మగారి ఊరు గోదావరి సముద్రంలో కలిసేచోట, కోనసీమలో ఉన్నదనీ అనుకోండి. మీతోపాటు అమ్మా, నాన్నా, మూడేళ్ళ చెల్లాయీ వస్తున్నారు. చంటిపిల్లతో వేసవి ప్రయాణమంటే మాటలు కాదు. అందులో మీరు చెయ్యవలసిన పని కూడా కొంత ఉంటుంది సుమా!

కోనసీమ అనగానే కొబ్బరిచెట్లు, కాలువలు, పూతరేకులు గుర్తుకు వస్తాయి. అవన్నీ చూద్దాం. కాని వాటితోపాటు ఎవరూ వేలుపెట్టి చూపించని వస్తువు ఒకటి ఉంది. అదే మీ అమ్మమ్మగారి ఇంటి కింది నేల. ఆ నేల మొదటినుంచీ అక్కడ ఉన్నది కాదు. ఎక్కడినుంచో ప్రయాణం చేసి వచ్చింది. ఎలా వచ్చిందో దారిలో చెపుతాను. ముందు రైలెక్కండి.

సికింద్రాబాదులో సాయంకాలమో, రాత్రో రైలెక్కితే తెల్లవారేవేళకు రాజమండ్రి చేరవచ్చు. ఆ రైళ్ళలో ఒకదాని పేరు గౌతమీ ఎక్స్‌ప్రెస్. గౌతమి అనేది గోదావరి పాయల్లో ఒకటి. రైలెక్కకముందే మీరొక పని చెయ్యండి. చిన్న కాగితం మీద చెల్లాయి పేరూ, నాన్న పేరూ, ఫోను నంబరూ రాసి, దాని గౌను జేబులో పెట్టి పిన్నీసు గుచ్చండి. స్టేషను జనంలో చంటిపిల్ల చెయ్యి జారిపోవటానికి ఒక్క క్షణం చాలు. రైలు నడిచేటప్పుడు తలుపు దగ్గర మీరూ నిలబడకండి, దాన్నీ నిలబడనివ్వకండి. కిటికీ పక్క చోటుకోసం తగాదా వస్తే మీరే తగ్గండి. చీకటి పడ్డాక కిటికీలోంచి కనిపించేది ఎలాగూ చీకటే! తెల్లవారుజామున మళ్ళీ ఆ చోటు సంపాదించండి. అసలు చూడవలసింది అప్పుడే ఉంది.

ఖమ్మం, విజయవాడ, ఏలూరు, నిడదవోలు దాటాయి. కొవ్వూరు వచ్చింది. రైలు చప్పుడు ఉన్నట్టుండి మారిపోయింది. లేవండి, లేవండి! గోదావరి వచ్చింది.

ఇక్కడ నది దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పు. ఇక్కడ మొదటి రైలు వంతెన 1900లో మొదలయింది. దానిమీద 1997 దాకా రైళ్ళు నడిచాయి. రెండోది 1974లో వచ్చింది. దానికి రెండు అంతస్తులున్నాయి. కింద రైలు, పైన రోడ్డు. మూడోది కాంక్రీటు వంతెన. విల్లు వంచి పెట్టినట్టు దానిమీద 28 కమానులున్నాయి. మీ రైలు ఏ వంతెన మీద పోతున్నదో మీరే గుర్తుపట్టవచ్చు. కిటికీ పక్కనుంచి పెద్ద పెద్ద విల్లులు ఒకదాని వెనక ఒకటి దాటిపోతుంటే అది మూడో వంతెన. తలమీద రోడ్డు, పక్కన ఇనుప దూలాలు కనిపిస్తే అది రెండోది.

పెట్టెలో ఎవరో ఒకరు దణ్ణం పెట్టి నదిలో నాణెం వేస్తారు. రాగి నాణేల కాలంనుంచీ వస్తున్న అలవాటు ఇది. ఇప్పుడు మన రూపాయి ఉక్కుతో చేసినది. మీ రూపాయిని మీరు జేబులోనే ఉంచుకొని, వట్టి చేతులతో దణ్ణం పెట్టినా గోదావరి ఏమీ అనుకోదు.

ఇప్పుడు ఆ నేల సంగతి. గోదావరి మహారాష్ట్రలో నాసికు దగ్గర, త్ర్యంబకం కొండల్లో పుట్టింది. అక్కడికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్ల దూరమే. అయినా అది దగ్గరి సముద్రానికి పోకుండా, తూర్పుకు తిరిగి, 1465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. దారి పొడుగునా వానలకు కొండలమీది మన్ను కొట్టుకువచ్చి నదిలో పడుతుంది. అందుకే వరద రోజుల్లో గోదావరి ఎర్రగా ఉంటుంది.

ఒక గ్లాసులో బురదనీళ్ళు పోసి గరిటెతో గిర్రున తిప్పండి. తిరుగుతున్నంతసేపూ మన్ను నీటిలోనే ఉంటుంది. తిప్పటం మానేసి కాసేపు ఊరుకుంటే అడుగుకు దిగిపోతుంది. నది కూడా అంతే. కొండలమీద పరుగెత్తేటప్పుడు మన్ను మోసుకువస్తుంది. సముద్రం దగ్గర నేల పల్లమై పరుగు తగ్గగానే ఆ మన్నును దించేస్తుంది. ఇలా వేల సంవత్సరాలు దించగా దించగా, ఒకప్పుడు సముద్రం ఉన్నచోట నేల ఏర్పడింది. ఇలాంటి నేలను డెల్టా అంటారు. గ్రీకు భాషలో డెల్టా అనే అక్షరం మూడు మూలల ఆకారంలో ఉంటుంది. నది పాయలుగా చీలినచోట నేల ఆకారమూ అలాగే ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది.

అంటే ఏమిటన్నమాట? మీ అమ్మమ్మగారి పెరట్లో అరటిచెట్టు పాతుకున్న మన్నులో నాసికు కొండల మన్ను ఉన్నది! మీరు ఒక్క రాత్రిలో వచ్చారు. అది ఎన్నో ఏళ్ళపాటు, వరద వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా వచ్చింది.

రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కుదాం. ఊరు దాటుతూనే ధవళేశ్వరం వస్తుంది. అక్కడ నదికి అడ్డంగా 175 తలుపులతో పెద్ద బారేజి ఉంది. నది ఇక్కడినుంచి కిందికి చీలిపోతుంది. తూర్పుపాయ గౌతమి, పడమటిపాయ వశిష్ఠ. వశిష్ఠనుంచి వైనతేయ అనే మరో పాయ చీలుతుంది. గౌతమికీ, వశిష్ఠకూ, సముద్రానికీ నడుమ ఉన్న మూడు మూలల నేలే కోనసీమ.

నేలను నది ఇచ్చింది. కాని ఆ నేలమీద ఏటా పంట పండుతుందన్న నమ్మకం నది ఇవ్వలేదు. 1830ల్లో ఈ ప్రాంతాలకు ఘోరమైన కరువులు వచ్చాయి. జనం తిండిలేక మలమల మాడుతూంటే, పక్కనుంచే గోదావరి నీరు సముద్రంలోకి పోతూండేది. ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు ఆ నీటిని ఆపి పొలాలకు మళ్ళించాలని పట్టుబట్టాడు. 1847లో పని మొదలుపెట్టి 1852లో ఆనకట్ట పూర్తిచేశారు. వీణెం వీరన్న అనే తెలుగు ఇంజనీరు ఆ పనిలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచాడు. వేలమంది కూలీలు రాళ్ళు మోశారు. పాత ఆనకట్ట నూరేళ్ళు దాటి పనిచేసిన తరవాత, దాని స్థానంలో ఇప్పటి బారేజి కట్టి, కాటన్ పేరే పెట్టారు. దీని కింద మూడు పెద్ద కాలువల ద్వారా పది లక్షల ఎకరాలకు పైగా నీరందుతున్నది. గోదావరి జిల్లాల ఊళ్ళలో గుర్రంమీద కూర్చున్న కాటన్ విగ్రహం కనిపిస్తే, "ఈ దొర ఎవరు?" అని ఇక అడగనక్కరలేదు.

జొన్నాడ దగ్గర బస్సు గౌతమి వంతెన దాటుతుంది. అవతల రావులపాలెం. అక్కడినుంచి కోనసీమ. కొత్తపేట దాటి అమలాపురం పోయే దారిలో ఎటు చూసినా అరటి, కొబ్బరి. అమలాపురం ఇప్పుడు జిల్లా ముఖ్యపట్టణం. 2022లో ఏర్పడిన ఆ జిల్లాను డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అంటారు. ఇంతటి ఊరికి ఇంకా రైలు రాలేదంటే ఆశ్చర్యంగా ఉంది కదూ? కాకినాడనుంచి గౌతమి గట్టున ఉన్న కోటిపల్లి దాకా పూర్వం రైలు ఉండేది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో, పట్టాలు ఊడదీసి తీసుకుపోయారు. మళ్ళీ ఆ దారిన రైలు నడిచింది 2004లో! కోటిపల్లినుంచి మూడు పాయలు దాటి నరసాపురం పోయే దారికి వంతెనలు కట్టటం ఆ తరవాత మొదలయింది. నదులు ముద్దుచేసే ఊళ్ళకు దారులు వెయ్యటం అంత కష్టం. కొన్ని రేవుల్లో మనుషులనూ, మోటారుసైకిళ్ళనూ, కార్లనూ కలిపి పెద్ద పడవమీద దాటిస్తారు. దాన్ని పంటు అంటారు. వీలుంటే ఒకసారి ఎక్కండి.

ఇల్లు చేరాం. అరుగుమీద తాతయ్య లేచి నిలబడ్డాడు. అమ్మమ్మ కాళ్ళు కడుక్కోవటానికి చెంబుతో నీళ్ళిచ్చింది. ఇంటినిండా చుట్టాలు. చెల్లాయి బెదిరిపోయి అమ్మ చీర పట్టుకొని వదలటం లేదు. ఎవరు ఏమవుతారో దానికి మీరే చెప్పాలి. మన తెలుగులో వరస చెప్పే మాటల్లోనే చుట్టరికం అంతా ఉంటుంది. అమ్మ అన్నా, తమ్ముడూ మామయ్యలు. వాళ్ళ పిల్లలు మీకు బావలు, వదినలు, మరదళ్ళు. అమ్మ అక్క పెద్దమ్మ, చెల్లెలు పిన్ని. వాళ్ళ పిల్లలు మాత్రం బావలు కారు, అన్నయ్యలూ, అక్కయ్యలూ, తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! అమ్మకు తోడబుట్టినవారి పిల్లలే అందరూ. అయినా మాట మారింది. చూశారా తమాషా?

ఇక్కడివాళ్ళు మాటకు చివర "అండీ" తగిలిస్తారు. పెద్దలు ఏదైనా చెపితే "ఆయ్" అంటారు. అంటే "అలాగేనండీ" అని. అది విని నవ్వకండి. నాలుగు రోజులు పోయాక మీరూ అంటారు.

మధ్యాహ్నమయింది. చెల్లాయి చిరాకుపడుతున్నది. ఒళ్ళంతా చెమట. హైదరాబాదులో ఎండ ఇంతకంటే ఎక్కువే కదా, అక్కడ ఇంత బాధ లేదే? కారణం వినండి.

చెమట ఆరేటప్పుడు ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. అందుకే చెమట పట్టిన ఒంటికి గాలి తగిలితే చల్లగా ఉంటుంది. హైదరాబాదు వేసవిగాలి పొడిగాలి. అది చెమటను ఇట్టే పీల్చేస్తుంది. కోనసీమకు ఒకపక్క సముద్రం, చుట్టూ నదిపాయలు. ఇక్కడి గాలిలో నీటిఆవిరి ముందే నిండి ఉంటుంది. ఇంకా నీటిని పీల్చుకోవటానికి దానిలో చోటు తక్కువ. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. దీన్నే ఉక్కపోత అంటారు. మీ ఇంట్లో చల్లగా పనిచేసే కూలరు ఇక్కడ అంత పనిచెయ్యకపోవటానికీ, కుండలో నీళ్ళు అక్కడంత చల్లబడకపోవటానికీ ఇదే కారణం.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. ఒకే చేతిరుమాలును తడిపి, పిండి, హైదరాబాదులో నీడన ఆరవేసి ఎంతసేపట్లో ఆరిందో రాసుకోండి. అదే రుమాలును కోనసీమలో నీడన ఆరవెయ్యండి. తేడా ఎంతో చూడండి. ఆ తేడాయే చెల్లాయి చిరాకు!

చంటిపిల్లలకు ఉక్క మనకంటే ఎక్కువ ప్రమాదం. వాళ్ళ ఒళ్ళు త్వరగా వేడెక్కుతుంది. దాహమని వాళ్ళు సరిగా చెప్పలేరు. కాబట్టి ఆటలో ఉన్నా మధ్యమధ్య చెల్లాయికి మంచినీళ్ళు తాగించండి. ఉప్పువేసిన పల్చటి మజ్జిగా, కొబ్బరినీళ్ళూ మంచివే. పలచని నూలుబట్టలు వెయ్యాలి. పదకొండు మొదలు నాలుగు గంటలదాకా ఎండలోకి తీసుకుపోకూడదు. ఒళ్ళు కాలిపోతూ, పిల్ల మగతగా పడి ఉన్నా, చాలాసేపు ఉచ్చ పొయ్యకపోయినా పరుగెత్తుకుపోయి పెద్దవాళ్ళకు చెప్పండి. నీడన పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఈ సంగతి కనిపెట్టి చెప్పటం మీలాంటి అన్నయ్యలూ, అక్కయ్యలూ చెయ్యగలిగిన గొప్ప సాయం.

సాయంకాలం కాలువగట్టుకు పోదాం పదండి. ఇదేమిటి! కాలువలో నీళ్ళేవి? కోనసీమ కాలువలు నిండుగా పారుతుంటాయని విని వచ్చిన పిల్లలు వేసవిలో ఇక్కడ ముఖం వేలవేస్తారు. దాళ్వా పంట కోతలయాక కాలువలు కట్టేస్తారు. పూడిక తియ్యటం, గట్లు, తూములు బాగుచెయ్యటం అప్పుడే జరగాలి. వరిపంటకు ముందు, జూనులో, మళ్ళీ నీళ్ళు వదులుతారు. మరి అందాకా ఊరివాళ్ళు ఏం తాగుతారు? కాలువలు కట్టేసేముందే ఊరి మంచినీటి చెరువును నింపుకుంటారు. ఆ నీరే కాలువలు మళ్ళీ వచ్చేదాకా ఆధారం. అందుచేత ఆ చెరువులో కాళ్ళు కడగటం, చెత్త వెయ్యటం ఎంత తప్పో వేరే చెప్పాలా?

ఇంకొక మాట. కాలువ ఎండినా అక్కడక్కడ గుంటల్లో నీరు నిలిచి ఉంటుంది. పైకి మోకాటిలోతులా కనిపించినా కింద ఊబిగా బురద ఉండవచ్చు. ఈత వచ్చిన పెద్దవాళ్ళు పక్కన లేకుండా చెరువులో గాని, గుంటలో గాని, నదిలో గాని దిగవద్దు. చెల్లాయిని గట్టుమీద ఒంటరిగా వదలవద్దు. ఇది మామయ్య కొడుకు "ఏం ఫరవాలేదు, రా!" అన్నా సరే తప్పకూడని మాట.

చుట్టూ నీరే ఉన్న చోట తాగటానికి చెరువు ఎందుకు, బావి తవ్వుకోకూడదా అని మీకు తోచవచ్చు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో భూమి కింద ఉప్పునీరు ఉంటుంది. వాననీరూ, కాలువనీరూ ఇంకి దానిమీద తేలుతూ ఉంటాయి. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. కావాలంటే ఒక గాజుగ్లాసులో సగందాకా బాగా ఉప్పు కలిపిన నీళ్ళు పొయ్యండి. మరో గ్లాసు మంచినీళ్ళలో రెండు చుక్కల సిరా వెయ్యండి. ఆ సిరానీటిని చెంచా వీపు మీదుగా, మెల్లగా, ఉప్పునీటిమీద పొయ్యండి. రంగునీరు పైన తేలుతుంది. మీ అమ్మమ్మగారి ఊరు ఆ పైపొరమీద బతుకుతున్నది. దాన్ని ఎక్కువగా తోడేసినా, నదినీరు తగ్గినా కిందినుంచి ఉప్పు పైకి వస్తుంది. రొయ్యల చెరువులవల్ల డబ్బు వస్తుంది. కాని వాటి ఉప్పునీరు పక్క పొలంలోకి ఊరితే ఆ పొలంలో వరి పెరగదు.

మర్నాడు పొద్దున కొబ్బరితోటలో దింపు తీస్తున్నారు. దింపు అంటే కాయలు కోసి దించటం. దూరంగా నిలబడి చూడండి. చెట్టు కింద నిలబడరాదు. ఒక మనిషి పైకి పాకి కత్తితో గెలలు తెగగొడుతున్నాడు. ఒకే చెట్టుకు ఒకపక్క పూత, మరోపక్క పిందెలు, ఇంకోపక్క లేతబొండాలు, అడుగున ముదురుకాయలు! ఏడాది పొడుగునా చెట్టు ఆకు తరవాత ఆకు, గెల తరవాత గెల వేస్తూనే ఉంటుంది. పూత కాయై ముదరటానికి ఏడాది పడుతుంది.

చెట్టు మొదలుమీద వలయాల్లాంటి మచ్చలు చూశారా? ఒక్కొక్కటి రాలిపోయిన మట్ట విడిచిన గుర్తు. కొబ్బరిచెట్టు ఏడాదికి సుమారు పన్నెండు, పధ్నాలుగు మట్టలు వేస్తుంది. మచ్చలు లెక్కపెట్టి పన్నెండుతో భాగించండి. చెట్టు వయసు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. తాతయ్యను అడిగి సరిచూసుకోండి.

పీచు వలిచిన కాయకు మూడు కళ్ళుంటాయి. వాటిలో రెండు గట్టివి, ఒకటి మెత్తనిది. ఆ మెత్తని కంటి వెనకే మొక్క నిద్రపోతూ ఉంటుంది. దానికి చెట్టు కట్టిచ్చిన చద్దిమూటే లోపలి నీళ్ళూ, కొబ్బరీ. మనం తాగేది దాని తిండి అన్నమాట! చెట్టులో పారవేసే భాగం లేదు. మట్టలు పందిరికి, ఈనెలు చీపురుకు, పీచు తాడుకు, చిప్ప పొయ్యిలోకి.

వేసవిలో ఈ ఊరి వంటిల్లు కూడా ఒక సైన్సు పాఠశాలే. పెద్దమ్మా, పిన్నీ కూడి ఆవకాయ పెడుతున్నారు. ముక్కకు ఉప్పు పట్టించి, ఆవపిండీ, కారమూ కలిపి, పైన నూనె తేలేటట్టు పోస్తారు. ఉప్పు ముక్కలోని నీటిని లాగేస్తుంది. నూనె గాలి తగలకుండా మూతవేస్తుంది. నీరూ, గాలీ లేనిచోట బూజు పెరగలేదు. అందుకే జాడీలో తడిచెయ్యి పెడితే అమ్మమ్మ కేకవేస్తుంది! కొత్తపల్లి కొబ్బరి అని ఒకటి తెచ్చిపెడితే, కొబ్బరికాయ అనుకోకండి. అది మామిడిపండు. రసం పిండి పీల్చుకోవలసిందే. తాటిముంజలు బొటనవేలితో తవ్వుకు తిన్నాక, ఆ ఖాళీకాయలు రెండు పుల్లకు గుచ్చి మీ బావ బండి చేసి ఇస్తాడు. చెల్లాయికి అంతకంటే మంచి బొమ్మ ఏ దుకాణంలోనూ దొరకదు. ఆత్రేయపురం పూతరేకులు సరేసరి. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చని బియ్యప్పిండి నీటిలో గుడ్డ ముంచి, వేడికుండమీద ఒక్కసారి పరిచి తీస్తే, పొరలాంటి రేకు లేస్తుంది. ఆ రేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుండమీద చెయ్యి కాలకుండా ఆ రేకు తియ్యటం ఎంత నేర్పో, తీసే అమ్మలను చూస్తే తెలుస్తుంది.

రాత్రి పెరట్లో మంచాలు వాల్చారు. ఇప్పుడు తాతయ్యను కథ చెప్పమనండి. కాని రాజుల కథ కాదు, ఊరి కథ. "తాతయ్యా, వరద నీళ్ళు మన ఇంట్లో ఎందాకా వచ్చాయి?" అని అడగండి. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదలో ధవళేశ్వరం దగ్గర సెకనుకు దాదాపు 35 లక్షల ఘనపుటడుగుల నీరు పారింది. అంటే ఒక్క సెకనులో సుమారు పది కోట్ల లీటర్లు! ఏటిగట్లు తెగి ఊళ్ళు మునిగాయి. 2022 జులైలో కూడా పెద్ద వరదే వచ్చి లంక గ్రామాలు నీటిలో నిలిచాయి. లంక అంటే నది నడుమ మేటవేసిన నేల. అక్కడివాళ్ళకు వరద ఏటా వచ్చే చుట్టం.

"1996 తుపాను రాత్రి మీరెక్కడున్నారు?" అని కూడా అడగండి. ఆ ఏడు నవంబరు 6న తుపాను కోనసీమను కొట్టింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరితోటలు తోటలుగా నేలకూలాయి. కొబ్బరిమొక్క నాటితే కాపుకు రావటానికి అయిదారేళ్ళు పడుతుంది. అంటే ఒక్క రాత్రి పడిన చెట్టుకోసం ఒక కుటుంబం అయిదారేళ్ళు ఎదురుచూడాలి. ఈ మాటలు చెప్పేటప్పుడు తాతయ్య మధ్యలో ఆగిపోతే తొందరపెట్టకండి. కొన్ని మాటలు నెమ్మదిగా వస్తాయి.

తిరుగుప్రయాణానికి ముందు ఒకరోజు అంతర్వేది చూసిరండి. నరసింహస్వామి గుడి చూసి, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటుకు నడవండి. దాన్ని అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. ఒకపక్క నది, మరోపక్క సముద్రం. త్ర్యంబకంలో మొదలైన ప్రయాణం ఇక్కడ ముగుస్తుంది. మన్ను చివరి మూట దించేది ఇక్కడే.

కాని ఆ మూట ఇప్పుడు మునుపటంత పెద్దది కాదు. ఎగువన నదిమీదా, దాని ఉపనదులమీదా కట్టిన జలాశయాల్లో నీటితోపాటు మన్ను కూడా ఆగిపోతున్నది. జలాశయాలు లేకపోతే పైప్రాంతాల పొలాలకూ, నగరాలకూ నీరు లేదు. అవి అవసరమే. అయితే సముద్రం మాత్రం తన కోత తాను కోస్తూనే ఉంటుంది. వచ్చే మన్ను తక్కువ, పోయే మన్ను ఎక్కువ అయినచోట ఒడ్డు వెనక్కు జరుగుతుంది. కోనసీమ తీరంలో కొన్నిచోట్ల ఇది కంటికి కనిపిస్తున్నది. గౌతమి ముఖం దగ్గర, కోరింగ వైపు, మడ అడవులున్నాయి. ఆ చెట్లు వేళ్ళతో మన్నును పట్టి ఉంచుతాయి, తుపాను అలల జోరు తగ్గిస్తాయి. ఒక మడచెట్టు నిలిచి ఉన్నదంటే దాని వెనక ఎవరో అమ్మమ్మగారి ఇల్లు నిలిచి ఉన్నదని గుర్తుపెట్టుకోండి.

పిల్లలూ! నేల అనేది కదలకుండా ఎప్పటికీ పడి ఉండే వస్తువని మనం అనుకుంటాం. కోనసీమ నేల అలా కాదు. దాన్ని నది తెచ్చింది. కాలువలు తవ్వినవాళ్ళూ, ఏటా పూడిక తీసేవాళ్ళూ, గట్లు కాపాడేవాళ్ళూ, పడిన చెట్టు స్థానంలో మొక్క నాటినవాళ్ళూ దాన్ని నిలబెట్టారు. వాళ్ళలో మీ తాతయ్యా, అమ్మమ్మా కూడా ఉన్నారు.

కాబట్టి ఈ వేసవిలో మీ అమ్మమ్మగారి ఊరు ఏదైనా సరే, అది కోనసీమ కాకపోయినా సరే, ఒక నోటుపుస్తకం వెంట తీసుకుపోండి. మూడు సంగతులు అడిగి రాసుకోండి. ఈ ఊరికి తాగేనీరు ఎక్కడినుంచి వస్తుంది? ఈ ఊరు చూసిన పెద్ద ఆపద ఏది? దానినుంచి ఎలా తేరుకున్నది? జవాబులు పెద్దవాళ్ళ దగ్గర మాత్రమే ఉంటాయి. వాళ్ళు చెప్పటానికి సిద్ధంగానే ఉంటారు. అడిగేవాళ్ళే కావాలి.

సెలవులు పూర్తయి మీరు బడికి పోయేనాటికి కాలువలకు నీళ్ళు వదులుతారు. జులైలో గోదావరికి ఎర్రనీరు వస్తుంది. ఆ మాట వార్తల్లో వినగానే చెల్లాయిని పిలిచి చెప్పండి: "అమ్మమ్మగారి ఊరికి కొత్తమన్ను బయలుదేరిందే!" అని.